షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళు విదేశాలకి వెళ్తున్నారా? ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునే ముందు ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగండి



ముక్తినాథ్ యాత్ర వీడియోలో ఏ బట్టలు పెట్టుకోవాలి, ఎలాంటి చెప్పులు వేసుకోవాలి, 108 ధారల కింద స్నానం చేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నీ చెప్పుకున్నాం. ఒక్కటి మాత్రం వదిలేశాం. అదే ఇన్సూరెన్స్. యాత్రకి బయలుదేరుతూ జబ్బుల మాట ఎత్తడం మన ఇళ్ళల్లో చాలామందికి నచ్చదు. "శుభమా అని వెళ్తుంటే ఇప్పుడవన్నీ ఎందుకు" అంటారు. మా ఇంట్లో కూడా అలాగే అనేవారు, మా పిన్ని విషయం జరిగేదాకా.

ఆ విషయం ముందు చెప్తాను. మిగతా పాఠం అంతా అందులోంచే వస్తుంది.

పిన్నికి అప్పుడు 64 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, బీపీకి రోజూ ఉదయం ఒక మాత్ర. అమెరికాలో డల్లాస్ దగ్గర మా తమ్ముడు ఉంటాడు. మనవరాలు పుట్టబోతోందని పిన్ని, బాబాయి ఆరు నెలలకి ప్రయాణం పెట్టుకున్నారు. రాజమండ్రిలో తెలిసిన ఏజెంటు ఒకాయన ఇంటికొచ్చి ఫారం నింపాడు. "ఇప్పటికే ఏవైనా జబ్బులు ఉన్నాయా?" అన్న ప్రశ్న దగ్గర పిన్ని నోరు తెరవబోతే, "ఉన్నాయి అని రాస్తే ప్రీమియం పెరుగుతుందమ్మా, లేదంటే అసలు ఇవ్వరు. ఈ వయసులో షుగర్ ఎవరికి లేదు? లేదు అని పెట్టేద్దాం" అన్నాడు. అంతే, టిక్కు పడిపోయింది.

మూడో నెలలో ఒక రాత్రి గుండె పట్టేసినట్టయింది. తమ్ముడు వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. స్టెంట్ వేశారు. దేవుడి దయవల్ల పిన్ని బతికింది. అక్కడి డాక్టరు అడిగితే షుగర్ ఎన్నేళ్ళనుంచి ఉందో, ఏ మందులు వాడుతుందో పిన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ మాట హాస్పిటల్ రికార్డు మొదటి పేజీలోనే ఎక్కింది. ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు ఆ పేజీని, ఇంటి దగ్గర నింపిన ఫారాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. క్లెయిమ్ తిరస్కరించారు. హాస్పిటల్‌తో బతిమాలుకుని బిల్లు కొంత తగ్గించుకున్నాక కూడా, తమ్ముడు రెండేళ్ళకి పైగా వాయిదాలు కట్టాడు.

పిన్ని తర్వాత నన్ను అడిగిన మాట ఇంకా గుర్తుంది. "డాక్టరుకి నిజం చెప్పడం నా తప్పా?" అని. కానే కాదు. డాక్టరుకి అబద్ధం చెప్పి ఉంటే ప్రాణమే పోయేది. తప్పు అంతకుముందే, ఫారం దగ్గర జరిగింది.

ఫారంలో ఆ ప్రశ్న ఏమి అడుగుతుంది?

ఇన్సూరెన్స్ భాషలో దీన్ని "ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్" అంటారు, అంటే పాలసీ తీసుకునే నాటికే మనకి ఉన్న జబ్బు. మన దేశంలో ఇన్సూరెన్స్ కంపెనీలని అదుపులో పెట్టే ఐఆర్‌డీఏఐ 2024లో మార్చిన నిబంధనల ప్రకారం హెల్త్ పాలసీల్లో దీని అర్థం ఇది: పాలసీ మొదలయ్యే తేదీకి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినది, లేదా ఆ కాలంలో సలహా గానీ చికిత్స గానీ తీసుకున్నది. ట్రావెల్ పాలసీల్లో కంపెనీని బట్టి ఈ అర్థం ఇంకా కఠినంగా ఉండొచ్చు. కాబట్టి మీ పాలసీ కాగితంలో "నిర్వచనాలు" అని ఉండే పేజీ తప్పకుండా చదవాలి. బోరు కొట్టే పేజీయే. అయినా డబ్బులు వస్తాయా రావా అన్నది ఆ పేజీలోనే తేలుతుంది.

ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. "నాకు షుగర్ కంట్రోల్‌లోనే ఉందండి, అది జబ్బు కింద రాదు" అనుకుంటారు. కంట్రోల్‌లో ఉంది అంటే మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే కదా. రోజూ వేసుకునే ప్రతి మాత్రా ఒక జబ్బు పేరు చెప్తుంది. థైరాయిడ్, కొలెస్ట్రాల్, ఆస్తమా, ఎప్పుడో వేసిన స్టెంట్, ఎప్పుడో తీసిన గర్భసంచి, మోకాలి ఆపరేషన్, అన్నీ రాయాలి. మీ మందుల డబ్బా ముందు పెట్టుకుని ఫారం నింపండి, ఏదీ మర్చిపోరు.

ఇన్సూరెన్స్ ఒప్పందం మిగతా ఒప్పందాల్లాంటిది కాదు. నా శరీరం గురించి నాకు తెలిసింది కంపెనీకి తెలియదు, కాబట్టి నేనే చెప్పాలి. చట్టం దీన్ని పరమ విశ్వాసం మీద నడిచే ఒప్పందం అంటుంది. సత్యం పలకడం గురించి మనం ఎన్ని ప్రవచనాలు విన్నా, ఫారం మీద సంతకం పెట్టేచోట మాత్రం ఏజెంటు మాట వింటాం. ఫారం ఎవరు నింపినా సంతకం మనది. ఆన్‌లైన్‌లో పిల్లలు నింపినా అంతే. నింపిన కాపీ ఒకటి తెప్పించుకుని, మీరు చెప్పింది మీరు చెప్పినట్టే ఉందో లేదో చూసుకోండి.

సరే, నిజం రాశాం. అప్పుడు ఏమి వస్తుంది?

దీన్ని కొంచెం నిదానంగా చదవండి, చాలామంది అపోహ పడేది ఇక్కడే. నిజం రాస్తే ఆ జబ్బుకి అంతా ఇచ్చేస్తారు అనుకోకండి. పిన్ని నిజం రాసి ఉంటే ఆ బిల్లు మొత్తం వచ్చేదా అని తర్వాత మేము ఆ పాలసీ తీసి చదివాం. మొత్తం రాదు. ప్రాణాపాయం అయితే, పాలసీలో రాసిన ఒక పరిమితి దాకా వస్తుంది. కానీ ఆ పరిమితి కూడా పోగొట్టుకున్నాం.

మామూలుగా పాలసీలు మూడు రకాలుగా ఉంటాయి. కొన్ని ముందున్న జబ్బుకి ఏమీ ఇవ్వవు. కొన్ని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే, మనిషి గండం గడిచి నిలకడగా అయ్యేదాకా అయ్యే ఖర్చు ఇస్తాయి. దానికి విడిగా ఒక పరిమితి ఉంటుంది. పాలసీ లక్ష డాలర్లది అయినా, ముందున్న జబ్బుకి వచ్చేది అందులో చిన్న భాగమే కావచ్చు. మూడో రకం, జబ్బు చెప్పాక కంపెనీ చూసి, ప్రీమియం ఎక్కువ తీసుకుని, ఇంతవరకు ఇస్తాం అని రాసిచ్చేవి. కొనే ముందు "ముందున్న జబ్బుకి ఎన్ని డాలర్ల దాకా, ఏ పరిస్థితిలో?" అని అడగండి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

ఉదాహరణలతో చూద్దాం. షుగర్ ఉన్న ఒక పెద్దాయన ఇంగ్లండులో ఉన్నారు అనుకోండి.

తెచ్చుకున్న మాత్రలు అయిపోయి అక్కడ కొనుక్కున్నారు, నెలనెలా చేయించే రక్తపరీక్ష అక్కడ చేయించుకున్నారు. ఏ ట్రావెల్ పాలసీ నుంచీ ఇది సాధారణంగా రాదు.

షుగర్ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పారు, అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. జబ్బు రాసి ఉండి, పాలసీ రెండో రకమో మూడో రకమో అయితే, పరిమితి దాకా వచ్చే అవకాశం ఉంది.

కాలికి చిన్న పుండు పడింది, నెలరోజుల్లో అది పెద్దదైంది. నెమ్మదిగా ముదిరింది కాబట్టి చాలావరకు రాదు.

మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. అది ప్రమాదం, షుగర్‌తో సంబంధం లేదు, మామూలు కవరేజీ కిందే వస్తుంది. న్యుమోనియా వచ్చినా అంతే, అది కొత్త జబ్బు. అందుకే "ముందున్న జబ్బుకి ఎలాగూ ఇవ్వరుగా, ఇంక ఇన్సూరెన్స్ ఎందుకు" అనకండి. పెద్దవాళ్ళకి పరదేశంలో పడిపోవడం, జ్వరాలు రావడం తక్కువేమీ కాదు.

అమెరికాకి అయితే

అమెరికా సంగతి విడిగా చెప్పాలి, అక్కడి వైద్యం ఖర్చు ఇంకెక్కడా లేదు. 1986 నాటి ఒక చట్టం ప్రకారం అక్కడి హాస్పిటళ్ళ ఎమర్జెన్సీలో డబ్బుందా లేదా అని చూడకుండా మనిషిని పరీక్షించి, ప్రాణం నిలబెట్టాలి. మన పిల్లలు "ఎమర్జెన్సీకి వెళ్తే చూస్తారులే" అనడం అందుకే. చూస్తారు, నిజమే. బిల్లు తర్వాత పోస్టులో వస్తుంది.

ఇంకో అపోహ: "మా అబ్బాయి ఆఫీసు ఇన్సూరెన్స్‌లో మేమూ ఉంటాం కదా" అని. ఇండియాలో చాలా కంపెనీలు తల్లిదండ్రులని కూడా చేరుస్తాయి, అందుకే అలా అనుకుంటాం. అమెరికాలో ఆఫీసు ఇన్సూరెన్స్ అంటే భార్యాభర్తలు, పిల్లలు. విజిటర్‌గా వెళ్ళిన తల్లిదండ్రులు సాధారణంగా అందులోకి రారు.

మరి ఇండియా పాలసీయా, అమెరికా పాలసీయా? ఇండియా పాలసీ ప్రయాణం మొదలవ్వకముందే ఇక్కడ కొనాలి. కొంచెం చవక. గొడవ వస్తే మన ఊరి నుంచే పోరాడొచ్చు. కానీ 60 దాటినవాళ్ళకి చాలా పాలసీల్లో సబ్ లిమిట్స్ పెడతారు. అంటే ఐసీయూకి రోజుకి ఇంత, సర్జన్‌కి ఇంత, అంబులెన్స్‌కి ఇంత అని ముందే కోత. అక్కడి ధరల ముందు ఆ "ఇంత" ఏమూలకీ రాదు. ఇంకా, ఎన్ని రోజుల పాలసీయో చూసి, ప్రయాణం పొడిగిస్తే పాలసీ గడువు అయిపోకముందే పొడిగించుకోవాలి. గడువు దాటాక ఇవ్వరు.

అమెరికా కంపెనీల విజిటర్ పాలసీలు రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్ బెనిఫిట్. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంత, హాస్పిటల్‌లో రోజుకి ఇంత అని లెక్క కట్టి ఇచ్చి ఊరుకుంటుంది, మిగతాది మనదే. ప్రీమియం తక్కువని ఎక్కువమంది కొనేది ఇదే. రెండోది కాంప్రిహెన్సివ్. మొదట డిడక్టిబుల్ అని కొంత మనం పెట్టుకుంటాం, తర్వాత ఖర్చులో ఎక్కువ శాతం అదే పెట్టుకుంటుంది. వాళ్ళ నెట్‌వర్క్ హాస్పిటల్ అయితే బిల్లు కూడా తగ్గుతుంది. వీటిలో ముందున్న జబ్బు గురించి "అక్యూట్ ఆన్‌సెట్" అనే మాట కనిపిస్తుంది. అర్థం ఏమిటంటే, ఉన్న జబ్బే గానీ ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి విరుచుకుపడితే, సాధారణంగా 24 గంటల్లోపు చికిత్సకి వెళ్తే, అప్పుడు ఇస్తాం అని. రెండురోజులుగా ఛాతీలో నొప్పి ఉంది, పిల్లలు ఆఫీసు పనిలో ఉన్నారని చెప్పలేదు, మూడోరోజు వెళ్ళాం అంటే ఇవ్వకపోవచ్చు. మన అమ్మలు చేసేది సరిగ్గా ఇదే. "వాళ్ళని ఎందుకు కంగారు పెట్టడం" అని ఓర్చుకుంటారు. దయచేసి ఓర్చుకోకండి. డబ్బు సంగతి అటుంచి, గుండె విషయంలో ఆలస్యం ప్రాణానికే చేటు.

ఈ అక్యూట్ ఆన్‌సెట్ పరిమితి చాలా పాలసీల్లో 70 ఏళ్ళు దాటగానే బాగా తగ్గిపోతుంది, కొన్నిట్లో పూర్తిగా పోతుంది. ప్రయాణం మధ్యలో 70 నిండుతుంటే అది కూడా అడగండి.

నా అభిప్రాయం అడిగితే, షుగర్, బీపీ ఉండి 70లోపు ఉన్నవాళ్ళు అమెరికా వెళ్తుంటే కాంప్రిహెన్సివ్ రకమే తీసుకోవడం మంచిది, ప్రీమియం ఎక్కువైనా. చీరల ఖర్చు కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది. యూరప్ వెళ్ళేవాళ్ళకి షెంగెన్ వీసాకే కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ ఉండాలి, కాబట్టి ఎలాగూ తీసుకుంటారు. కానీ వీసా కోసం తీసుకున్న పాలసీ మన జబ్బుకి పనికొస్తుందని కాదు. వీసా ఆఫీసు 30,000 ఉందా అని చూస్తుంది, మీ షుగర్ సంగతి చూడదు.

యాత్రలకి వెళ్ళేవాళ్ళకి

ముక్తినాథ్ 3,700 మీటర్ల ఎత్తు. కైలాస పరిక్రమలో డోల్మా లా కనుమ 5,600 మీటర్ల పైన ఉంటుంది. ఎత్తు మీద గాలి పలచగా ఉంటుంది, గుండె, ఊపిరితిత్తులు ఎక్కువ కష్టపడాలి. బీపీ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా పరీక్ష. విదేశాంగ శాఖ నడిపే కైలాస మానససరోవర యాత్రకి 18 నుంచి 70 ఏళ్ళ మధ్యవాళ్ళనే తీసుకుంటారు, ఢిల్లీలో వైద్య పరీక్షలు చేసి పాస్ అయితేనే పంపుతారు. ప్రైవేటు టూర్లలో ఆ పట్టింపు అంతగా ఉండదు, మన జాగ్రత్త మనమే చూసుకోవాలి.

పాలసీలో ఇక్కడ చూడాల్సినవి వేరు. మొదటిది, ఎంత ఎత్తు దాకా పనిచేస్తుంది అన్నది. కొన్ని పాలసీలు ఫలానా ఎత్తు దాటితే, లేదా ట్రెక్కింగ్ అయితే ఇవ్వం అని రాస్తాయి. రెండోది హెలికాప్టర్. కొండమీద ఊపిరి ఆడకపోతే కిందికి తెచ్చే దారి అదే. ముందుగా ఇన్సూరెన్స్ వాళ్ళ సహాయ నంబరుకి ఫోన్ చేసి వాళ్ళు సరే అన్నాకే ఆ ఖర్చు ఇస్తారని చాలా పాలసీల్లో ఉంటుంది. గైడు పిలిచేశాడు, మనం ఎక్కేశాం అంటే తర్వాత ఇబ్బంది. మూడోది, ఆలస్యం. పోఖరా నుంచి జోమ్‌సోమ్ విమానాలు ఉదయం పూటే నడుస్తాయి, తర్వాత గాలి లేస్తుంది. ఒక రోజు రద్దయితే తిరుగు ప్రయాణం టికెట్లు తారుమారు. పాలసీ తేదీలు రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకోండి.

"మా టూర్ ప్యాకేజీలో ఇన్సూరెన్స్ ఉంది" అంటే పాలసీ సర్టిఫికెట్ చూపించమనండి. చాలాసార్లు అది ప్రమాద బీమా మాత్రమే. రైలు టికెట్‌తో 45 పైసలకి ఇచ్చే ఐఆర్‌సీటీసీ ఇన్సూరెన్స్ కూడా అలాంటిదే. రైలు ప్రమాదంలో మరణిస్తే 10 లక్షలు ఇస్తారు. బెర్తు మీద పడుకున్న మనిషికి గుండెపోటు వస్తే దానికి సంబంధం లేదు.

కేదార్‌నాథ్, బదరీ, అమర్‌నాథ్ లాంటివి మన దేశంలోనే కాబట్టి మీ మామూలు హెల్త్ పాలసీయే సాధారణంగా అక్కడా పనిచేస్తుంది. కార్డు వెంట ఉంచుకుంటే చాలు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా ఉంటే పట్టుకెళ్ళండి. ఆ పథకంలో చేరిన హాస్పిటళ్ళలో, వేరే రాష్ట్రంలోనైనా చెల్లుతుంది.

బయలుదేరే ముందు, అవసరం పడ్డప్పుడు

మీ డాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి: ఏయే జబ్బులు, ఎప్పటినుంచి, ఏ మందు ఎంత డోసు, ప్రయాణానికి పనికొస్తారు అని. మందుల పేర్లు కంపెనీ పేర్లతో కాకుండా అసలు మందు పేరుతో రాయించండి, మన దేశపు బ్రాండు పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. డాక్టరు వద్దన్నా వెళ్తే ఏ పాలసీ పనిచేయదని కూడా గుర్తుంచుకోండి. మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద సూట్‌కేసులో కాదు.

పాలసీ నంబరు, సహాయ ఫోన్ నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అక్కడి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించండి. హాస్పిటల్‌లో చేరితే వెంటనే, ఎలాగైనా 24 గంటల్లోపు ఆ నంబరుకి చెప్పాలి. అలా చెప్తేనే క్యాష్‌లెస్ కుదురుతుంది. డాక్టరుకి మాత్రం, ఫారంలో ఏమి రాసినా రాయకపోయినా, నిజమే చెప్పండి.

ఇండియా పాలసీలో క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారు అనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. బీమా భరోసా అనే ప్రభుత్వ పోర్టల్‌లోనూ ఇవ్వొచ్చు, 155255 నంబరుకీ ఫోన్ చేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కి, తెలంగాణకి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. మా పిన్ని విషయంలో ఎందుకు వెళ్ళలేదు అంటారా? ఫారం మీద సంతకం మాదే. ఏమని వాదిస్తాం?

పిన్ని ఈ దసరా అయ్యాక మళ్ళీ వెళ్తోంది. ఈసారి ఫారం తనే నింపింది, మందుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని. స్టెంట్ వేసిన సంవత్సరం కూడా రాసింది. రెండు కంపెనీలు ఇవ్వం అన్నాయి. మూడో కంపెనీ ప్రీమియం బాగా పెంచి, గుండెకి సంబంధించినది ఏదొచ్చినా మేము పెట్టుకోం, మిగతావాటికి ఇస్తాం అని స్పష్టంగా రాసిచ్చింది. అది చదివి తమ్ముడు ఆరు నెలల ప్రయాణాన్ని ఆరు వారాలకి తగ్గించాడు. ఇక్కడి గుండె డాక్టరు దగ్గర ఆఖరి పరీక్ష అయ్యాకే టికెట్ కొన్నాడు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనం మాత్రం ఆ ఆరు వారాల్లోనే ఉండాలని పిన్ని పట్టుబట్టింది. ఉంది.